సికందర్: సార్థక నామధేయుడెవరు?

మన భాషలో ‘సార్థక నామధేయుడు’ అనే చక్కని మాట ఒకటి ఉన్నది. తన పేరుకు ఏ అర్థమున్నదో ఆ అర్థానికి తగినట్లు నడుచుకొన్న వానిని అలా అంటారు. అందుకు విరుద్ధంగా బ్రతికిన వారిని చూసి మన పెద్దలు ‘ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు’ అని సామెత చెప్పారు. పేరు పెట్టడం తల్లిదండ్రుల పని. దానిని సార్థకం చేసుకోవడం పేరు గలవాని పని. ఈ భేదాన్ని మరచినప్పుడే పేర్లను గూర్చి అనవసరమైన వివాదాలు పుడతాయి. అటువంటి వివాదం ఒకటి ఈ విద్యాసంవత్సరంలో నా తరగతి గదిలోనికే వచ్చింది.

డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు పరీక్ష దరఖాస్తు చేత పట్టుకొని నా వద్దకు వచ్చాడు. అతని పేరు సికందర్. పేరు మార్చుకోవడానికి ఏమి చేయాలో చెప్పమన్నాడు. కారణమడిగితే తల వంచుకొని రెండు సంగతులు చెప్పాడు. వాళ్ళ ఊరి పెద్దమనిషి ఒకాయన, ‘ఇది అరబ్బీ పేరు కాదు, విగ్రహారాధకుడైన ఒక యవన రాజు పేరు, ముస్లిం బిడ్డకు తగదు’ అన్నాడట. బస్సులో పక్కన కూర్చున్న ప్రయాణికుడొకడు, ‘మన దేశం మీదికి దండెత్తి వచ్చిన పరాయివాడి పేరు నీకెందుకయ్యా?’ అన్నాడట. ఒకరి దృష్టిలో అది ముస్లిం పేరు కాదు. మరొకరి దృష్టిలో అది భారతీయుని పేరు కాదు. ఈ ఇద్దరి మధ్య ఆ పిల్లవాడు తాత ముద్దుగా పెట్టిన పేరును పలకడానికే సిగ్గుపడుతున్నాడు.

ఆనాడు గంట మ్రోగడం వల్ల అతనికి తృప్తికరమైన సమాధానం చెప్పలేకపోయాను. చెప్పవలసిన సమాధానం అతనికొక్కనికే కాదు గనుక ఈ పుటలలో వ్రాస్తున్నాను.

సికందర్ అనే మాటకు మూలం ప్రాచీన గ్రీకు భాషలోని ‘అలెక్సాంద్రోస్’. ఇది సమాసపదం. పూర్వపదం ‘అలెక్సెయిన్’ అనే క్రియ నుండి వచ్చింది. ఆపదను తొలగించడం, కాపాడడం అని దానికి అర్థం. ఉత్తరపదం ‘అనేర్’, మనుష్యుడు, పురుషుడు అని అర్థం. ఇది సమాసంలో ‘అంద్రోస్’ అవుతుంది. రెండింటినీ కలిపితే ‘మనుష్యులను కాపాడేవాడు’ అనే అర్థం వస్తుంది. గ్రీకు, సంస్కృతాలు ఒకే భాషా కుటుంబానికి చెందినవని భాషాశాస్త్రజ్ఞులు నిరూపించారు. ఆ బాంధవ్యం ఈ పేరులో స్పష్టంగా కనబడుతుంది. ‘అనేర్’ శబ్దం సంస్కృతంలోని ‘నృ’, ‘నర’ శబ్దాలకు జ్ఞాతి. ‘అలెక్సెయిన్’ లోని ధాతువు మన ‘రక్ష్’ ధాతువుకు జ్ఞాతి. కనుక అలెక్సాంద్రోస్ అంటే అక్షరాలా ‘నరరక్షకుడు’. నర, రక్ష అనే మాటలు లేని తెలుగు నిఘంటువు ఉన్నదా? బస్సులోని ప్రయాణికుడు పరాయిదన్న పేరులో ఆయన దినదినమూ పలికే మాటల చుట్టాలే దాగి ఉన్నాయి.

ఈ పేరు మనమందరమెరిగిన జగజ్జేత కంటె దాదాపు వెయ్యేళ్ళు పెద్దది. గ్రీసు దేశంలోని మైసినీ నగర శిథిలాలలో మట్టి పలకలు దొరికాయి. వాటి లిపిని 1952లో మైకేల్ వెంట్రిస్ అనే ఆంగ్లేయుడు ఛేదించాడు. క్రీ.పూ. 13వ శతాబ్దికి చెందిన ఒక పలకపై ‘అలెక్సాంద్రా’ అనే స్త్రీ పేరు కనబడుతుంది. అంటే గ్రీకు వ్రాతలలో మనకు ముందుగా కనిపించేది ఒక స్త్రీ, నరరక్షకురాలు. దాదాపు అదే కాలంలో నేటి తుర్కీలో రాజ్యమేలిన హిట్టైట్ చక్రవర్తి రెండవ మువతల్లి, విలుసా అనే రాజ్యపు ప్రభువైన అలక్సందుతో సంధి చేసుకొన్నాడు. ఆ పేరు అలెక్సాంద్రోస్ శబ్దానికి రూపాంతరమని పలువురు పండితుల అభిప్రాయం. హోమర్ తన ఇలియడ్ కావ్యంలో ట్రాయ్ రాకుమారుడైన పారిస్‌ను తరచుగా అలెక్సాంద్రోస్ అనే పిలిచాడు. కొండలలో పెరుగుతున్న కాలంలో దొంగలను తరిమి మందలను కాపాడినందువల్ల అతనికి ఆ పేరు వచ్చిందని తరువాతి గ్రీకు కథకులు చెప్పారు. కాని మందలను కాపాడిన ఆ చేయే పరుని భార్యయైన హెలెన్‌ను తీసుకొనివచ్చి స్వంత నగరానికి చిచ్చు పెట్టింది. రక్షకుడని పేరు పెట్టుకొన్నవాడు భక్షకుడైన తొలి ఉదాహరణ ఇది.

మలి ఉదాహరణ మరింత ప్రసిద్ధం. మాసిడోనియా రాజవంశంలో క్రీ.పూ. 356లో జన్మించిన మూడవ అలెగ్జాండర్, తన 33వ ఏట క్రీ.పూ. 323లో బాబిలోన్ నగరంలో మరణించాడు. అతని శౌర్యాన్ని, విద్యాభిమానాన్ని ఎవరూ కాదనలేరు. అరిస్టాటిల్ అతనికి గురువు. కాని క్రీ.పూ. 335లో తిరుగుబాటు చేసిన థీబ్స్ నగరాన్ని అతడు నేలమట్టం చేసినప్పుడు ఆరువేల మంది హతులైనారనీ, ముప్పదివేల మంది బానిసలుగా అమ్ముడుపోయినారనీ ప్రాచీన చరిత్రకారులు వ్రాశారు. క్రీ.పూ. 330లో పారసీకుల పెర్సిపోలిస్ రాజప్రాసాదం దగ్ధమైంది. ఒకనాటి పానగోష్ఠిలో, తన ప్రాణాన్ని కాపాడిన మిత్రుడు క్లీటస్‌నే అతడు ఈటెతో పొడిచి చంపాడు. నరరక్షకుడనే పేరు గలవాడు తనను రక్షించిన నరుణ్ణే చంపడం కంటె పెద్ద వైపరీత్యం ఏమున్నది?

ఇక ఈ పేరు మన దేశానికి వచ్చిన విధం చూద్దాం. సాధారణంగా ఇది ముస్లిం పాలకులతో వచ్చిందని అనుకొంటారు. అది నిజం కాదు. క్రీ.పూ. 3వ శతాబ్ది మధ్యభాగంలో అశోక చక్రవర్తి చెక్కించిన పదమూడవ శిలాశాసనంలో ఐదుగురు యవన రాజుల పేర్లున్నాయి. వారిలో చివరివాడు ‘అలికసుదర’. ఇతడు జగజ్జేత కాడు. ఎపిరస్ రాజైన అలెగ్జాండర్ అని కొందరు, కోరింథ్ పాలకుడైన అలెగ్జాండర్ అని మరికొందరు చెబుతారు. ఎవరైనప్పటికీ పేరు మాత్రం అదే. అంటే ఇస్లాం ఆవిర్భావానికి ఎనిమిది వందల సంవత్సరాలకు పైగా ముందే ఈ నామం ప్రాకృతరూపం ధరించి భారతదేశపు శిలపై నిలిచింది. అశోకుని పదునాలుగు శాసనాల వరుస మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడ ఉన్నది.

ఆ పేరు ఏ శాసనంలో ఉన్నదన్నది ముఖ్యం. కళింగ యుద్ధంలో లక్షమంది హతులైనారనీ, లక్షా యాభై వేల మంది చెరపట్టబడినారనీ చెప్పి అశోకుడు పశ్చాత్తాపపడిన శాసనం అది. కత్తితో గెలిచిన విజయం విజయం కాదు, ధర్మవిజయమే నిజమైన విజయమని ప్రకటించిన శాసనం అది. జగజ్జేత పేరుగా లోకమెరిగిన పేరు ఈ దేశంలో జైత్రయాత్రను నిరసించిన రాతిపై చోటు చేసుకొన్నది. ఇంతకు మించిన స్వాగతం ఏ పేరుకు లభిస్తుంది?

తరువాత ఈ పేరు అరబ్బుల నోట పడింది. అరబ్బీలో ‘అల్’ అనేది నామవాచకానికి ముందు చేరే పదం. అలెక్సాంద్రోస్‌లోని మొదటి ‘అల్’ కూడ అటువంటిదేనని వినేవారు భావించారు. అందుచేత పేరు ‘అల్ ఇస్కందర్’ అని రెండు ముక్కలై, ‘ఇస్కందర్’ ఒంటరిగా నిలిచింది. ‘క్స’ అనే సంయుక్తాక్షరం తారుమారై ‘స్క’ అయింది. దీనిని మన వ్యాకరణంలో వర్ణవ్యత్యయం అంటారు. హింస శబ్దమే తారుమారై సింహ శబ్దమైనదని మన వైయాకరణులు చెప్పే ఉదాహరణ విద్యార్థులెరిగినదే. పారసీక కవులు ఇస్కందర్, సికందర్ అనే రెండు రూపాలనూ వాడారు. మన పల్లెలలో స్కూలును ‘ఇస్కూలు’ అనేవారు లేరా? నాలుకకు ఏది సులభమో భాష ఆ దారినే పోతుంది. ఒక పొరపాటు, ఒక తారుమారు కలిసి ఒక కొత్త పేరును ప్రసాదించాయి.

ఈ పేరు ఏ ఒక్క మతానికీ కట్టుబడలేదు. యూదుల హస్మోనియన్ వంశంలో అలెగ్జాండర్ అనే రాజు ఉన్నాడు. రోము పీఠాన్ని అధిష్ఠించిన పోపులలో అలెగ్జాండర్లు ఉన్నారు. ఇథియోపియాను 15వ శతాబ్దిలో ఏలిన క్రైస్తవ చక్రవర్తి ఒకడు ఎస్కెందర్. అదే శతాబ్దిలో తుర్కులతో పోరాడిన అల్బేనియా వీరుణ్ణి అతని ప్రజలు ఈనాటికీ స్కందర్‌బెగ్ అనే పిలుస్తారు. అది తుర్కులు పెట్టిన ‘ఇస్కందర్ బేగ్’ అనే పేరే. శత్రువు పెట్టిన పేరును కూడ అతడు తన జాతికి కీర్తిగా మలచుకొన్నాడు.

పారసీకుల వైఖరి మరింత ఆలోచింపదగినది. జొరాస్ట్రియన్ గ్రంథాలు అలెగ్జాండర్‌ను ‘శాపగ్రస్తుడు’ అని దూషించాయి. అదే దేశంలో ఫిర్దౌసీ తన షానామాలో అతనిని దారా చక్రవర్తికి సోదరునిగా చేశాడు. నిజామీ తన సికందర్‌నామాలో అతనిని జ్ఞానిగా తీర్చిదిద్దాడు. పవిత్ర ఖుర్‌ఆన్ కహఫ్ సూరాలో జుల్‌ఖర్‌నైన్ అనే పాలకుని ప్రస్తావన ఉన్నది. ఆయన సికందరే అన్న వ్యాఖ్యాతలున్నారు, కాదన్నవారూ ఉన్నారు. ఖుర్‌ఆన్‌లో సికందర్ అనే పేరు లేదు. ఆ చర్చను పండితులకు విడిచిపెడదాం. కాని ఆ పాలకుడు చేసిన పని ఏమిటి? యాజూజ్ మాజూజ్‌ల బాధ పడలేక మొరపెట్టుకొన్న ప్రజలకు, వారివ్వజూపిన ధనాన్ని ఆశించకుండా, ఇనుముతో అడ్డుగోడ కట్టి ఇచ్చాడు. నరరక్షణ అంటే అదే. ఈ గాథతో ముడిపడడం వల్లనే ముస్లిం గృహాలలో ఈ పేరు అంత ప్రీతిపాత్రమైందని నేను భావిస్తున్నాను.

మన దగ్గరికి వద్దాం. 1803 నుండి 1829 వరకు హైదరాబాదును పాలించిన మూడవ నిజాం సికందర్ జా. ఆయన పేరు మీదనే 1806లో హుసేన్ సాగరానికి ఉత్తరాన ఉన్న దండు ప్రదేశం సికందరాబాదు అయింది. గ్రీకు పేరుకు పారసీక ‘ఆబాద్’ చేరిన ఈ మాటను తెలుగువాడు ‘సికింద్రాబాదు’ అన్నాడు. చిత్రమేమంటే, అరబ్బులు ‘ందర్’ అని విడదీసిన అక్షరాలను మనవాడు తెలియకుండానే మళ్ళీ ‘ంద్ర’ అని కలిపి, గ్రీకు అంద్రోస్‌కు దగ్గరగా తెచ్చాడు. రైలు టిక్కెట్టు కొనే ప్రతివాడూ ఆ పేరును పలుకుతాడు. ఊరి పేరుగా నోటికి ఇంపుగా ఉన్నది, పిల్లవాని పేరుగా పరాయిది ఎట్లా అవుతుంది?

ఊరి పెద్దమనిషికి కూడ నా వినయపూర్వకమైన మనవి ఒకటున్నది. అరబ్బీ కానిది ముస్లిం పేరు కాదంటే ఇబ్రాహీం, ఇస్‌హాక్, యూసుఫ్ అనే పేర్లను ఏమి చేద్దాం? వీటిని ‘అజమీ’ పేర్లుగా, అంటే అరబ్బీయేతర నామాలుగా పరిగణించి ప్రత్యేక నియమాలు చెప్పినవారు అరబ్బీ వైయాకరణులే. దైవప్రవక్త కొందరి పేర్లను మార్చిన మాట నిజమే. ‘ఆసియా’, అంటే అవిధేయురాలు, అనే అర్థం గల పేరును ‘జమీలా’ అని మార్చినట్లు హదీసులో ఉన్నది. ఆ పాత పేరు అచ్చమైన అరబ్బీ పదమే. మార్చినది చెడ్డ అర్థం వల్ల, భాష వల్ల కాదు. ఆ గీటురాయి మీద పరీక్షిస్తే ‘నరరక్షకుడు’ అనే అర్థం గల పేరుకు వంక పెట్టడానికి చోటేదీ?

నా దృష్టిలో సికందర్ అనే పేరుకు అసలైన అపాయం ఆ ఇద్దరి ఆక్షేపణల వల్ల రాలేదు. ఆ పేరును అభిమానించేవారి వల్లనే వచ్చింది. ఉర్దూ, హిందీలలో సికందర్ అంటే గెలిచినవాడు, అదృష్టవంతుడు అనే అర్థం స్థిరపడింది. అలాఉద్దీన్ ఖిల్జీ తనను రెండవ సికందర్‌నని నాణేలపై ముద్రించుకొన్నాడు. నిజాంఖాన్ అనే లోడీ రాకుమారుడు 1489లో ఢిల్లీ గద్దెనెక్కుతూ సికందర్ అయినాడు. వీరందరూ ఆ పేరులో గెలుపునే చూశారు. పేరు చెప్పే మాటేమో రక్షణ! ఎవరిని గెలిచావని ఈ పేరు అడగదు. ఎవరిని కాపాడావని అడుగుతుంది.

కళాశాల పాలక సంఘం వారికి ఒక చిన్న సూచన. ఈ సంచికలో ఉర్దూ పుటలు ఒకవైపు నుండి, తెలుగు పుటలు మరొకవైపు నుండి మొదలవుతాయి. రెండు విభాగాల విద్యార్థులు ఒకరి పుటలు ఒకరు చదవడం అరుదు. వచ్చే సంవత్సరం ప్రతి విద్యార్థీ తన పేరు ఏ భాషది, దాని అర్థమేమి, ఏ దారిన తన ఇంటికి చేరింది అనే విషయంపై ఒక పుట వ్రాయాలని నిర్ణయిస్తే బాగుంటుంది. ఉర్దూ, తెలుగు సాహితీ సంఘాలు కలిసి ఆ పని చేయించవచ్చు. ఖర్చు లేని పని, లాభం మాత్రం పెద్దది. తన పేరు చరిత్ర తెలిసినవాడు ఎదుటివాని పేరును చిన్నచూపు చూడడు.

విద్యార్థి సోదరుడైన సికందర్‌కు చివరి మాట. దరఖాస్తులో ఏ పేరు వ్రాయాలో నిర్ణయించుకొనే అధికారం నీది. మార్చుకొంటే తప్పు లేదు. కాని సిగ్గుతో మాత్రం మార్చుకోవద్దు. నీకు ముందు ఆ పేరు ధరించిన రాజులలో చాలామంది దాని అర్థాన్ని మరచిపోయారు. తోటి విద్యార్థి ఆపదలో ఉన్నప్పుడు నీవు అడ్డు నిలిస్తే, ఊళ్ళో బలహీనుని పక్షాన ఒక మాట పలికితే, వారికెవరికీ దక్కని బిరుదు నీకు దక్కుతుంది. నీవు సార్థక నామధేయుడవు అవుతావు.