ఓటు లేని యొడంబడికలు

స్విట్జర్లాండు దేశము ఐరోపా కూటమి నడుమ నుండియు అందు చేరలేదు. 1992 డిసెంబరు 6న ఆ దేశప్రజలు ఓటు వేసి, నూటికి 50.3 వంతుల బలముతో, ఐరోపా ఆర్థికమండలమున సైతము చేరమనిరి. నాటినుండి విషయమున కొక సంధి చొప్పున చేసికొని కాలము గడపుచున్నారు. నార్వేవారు కూటమిలో చేరుటను 1972లోను 1994లోను త్రోసిపుచ్చిరి గాని ఆర్థికమండలమున మాత్రము నిలిచిరి. కూటమివారు చేయు అంగడి చట్టములను తామును అమలు జరుపుచున్నారు. ఆ చట్టములు చేయు సభలో వారికి ఓటు లేదు. ఇదంతయు ఎక్కడి గొడవయో యని చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాల తెలుగువారు అనుకొనరాదు. వారి తాతముత్తాతలు ఇట్టి యేర్పాటు క్రిందనే బ్రదికిరి. అయితే వారి నెవరును ఓటడుగలేదు.

1799లో టిప్పు సుల్తాను పతనమైన పిమ్మట, కుంఫిణీవారితో జరిగిన సంధి ననుసరించి మైసూరు సంస్థానము సాలుకు 7 లక్షల వరహాలు చెల్లింపవలసి వచ్చెను. 1831లో ఇంగ్లీషువారు పరిపాలనను తామే చేజిక్కించుకొని, 1881లో మరల మహారాజునకు అప్పగించిరి. అప్పటి పత్రమున ఆ కప్పము 35 లక్షల రూపాయలుగా వ్రాయబడెను. అంతతో ముగియలేదు. ఇండియా ప్రభుత్వపు నాణెములు సంస్థానమున చెల్లవలెను. మైసూరు తన సొంత నాణెములను మరల ముద్రింపరాదు. గవర్నరు జనరలు కోరినప్పుడు ఉప్పు, నల్లమందుల తయారీని నిషేధింపవలెను. ఉప్పుగల్లు విషయమునను పొరుగువారి యనుమతియే! 1913 నాటి క్రొత్త సంధిలో మర్యాద హెచ్చినది గాని కప్పము తగ్గలేదు.

ఒకే నాణెము చెల్లుటవలన చింతామణి వర్తకునకు మదనపల్లెతోడి బేరము సులువైన మాట నిజమే. కాని సముద్రసుంకము సంగతి చూడుడు. మైసూరునకు రేవు లేదు. చెన్నపట్టణపు రేవున దిగిన సీమ సరకు చింతామణి అంగడికి చేరునప్పటికి, దాని వెలలో ఇండియా ప్రభుత్వపు సుంకము ఇమిడియే యుండెను. ఆ సుంకము నిచ్చినవాడు మన రైతు. దానిని ఖర్చుచేయు ఢిల్లీ సభలో ఆ రైతునకు గాని వాని రాజునకు గాని పీట లేదు. తిరువాన్కూరు, కొచ్చిన్ సంస్థానములకు సముద్రతీర ముండుటచే 1865లోనే ఇండియా ప్రభుత్వముతో బేరమాడి సుంకపు టొడంబడిక చేసికొనగలిగిరి. నడిభూమిలో నున్న మైసూరు ఏమి చూపి బేరమాడును? ఇట్టి సంస్థానములకు ఊరట పొందు బలమైన హక్కు కలదని 1929లో బట్లరు సంఘమువారు ఒప్పుకొనిరి. ఆ పిమ్మట 1935 శాసనమున తలపెట్టిన సమాఖ్యయే ఏర్పడకపోయెను.

1950 నాటికి సంస్థానమును, పొరుగు ప్రభుత్వమును ఒక్క దేశమైపోయెను. సుంకపు తగవు తీరెను. నీటి తగవు తీరలేదు.

1892లో మైసూరు, చెన్నపురి ప్రభుత్వములు చేసికొన్న యొడంబడికలో పదునైదు నదులు చేర్పబడినవి. ఉత్తరపినాకిని, చిత్రావతి, పాపఘ్ని అందున్నవి. చెన్నపురివారి ముందస్తు సమ్మతి లేనిదే మైసూరువారు ఆ నదులపై క్రొత్త జలాశయము కట్టరాదు. చిక్కబళ్లాపురమునకు దాపున ముద్దేనహళ్లిలో జన్మించిన విశ్వేశ్వరయ్యగారు కన్నంబాడి ఆనకట్ట కొరకు ఈ యొడంబడికతోనే పెనగులాడిరి. 1914లో గ్రిఫిన్ అను మధ్యవర్తి మైసూరునకు అనుకూలముగ తీర్పు చెప్పెను. ఇండియా ప్రభుత్వము దానిని స్థిరపఱచెను. అయినను చెన్నపురివారు లండనులోని మంత్రిచే దానిని మరల త్రవ్వించిరి. తుదకు 1924 నాటి రాజీతోగాని ఆ వ్యవహారము కుదురుపడలేదు. గెలిచిన తీర్పును సైతము నిలుపుకొనలేని దుర్బలత్వము ఓటులేని పక్షమునకే గదా!

ఆ పత్రము నేటికిని జీవించియున్నది. 1892, 1924 ఒడంబడికలు తమ్ము కట్టుబఱుపవను కర్ణాటకపు వాదమును 2018 ఫిబ్రవరి 16న కావేరి వ్యాజ్యమున సుప్రీముకోర్టు అంగీకరింపలేదు. ఈ శతాబ్దము తొలి సంవత్సరములలో బాగేపల్లి దాపున పరగోడు కడ చిత్రావతిపై కట్ట కట్టినప్పుడు అనంతపురము వైపున లేచిన యాందోళనకును ఆధారము ఈ 1892 పత్రమే. కట్టకు ఎగువను తెలుగువారే, దిగువను తెలుగువారే. ఎగువవారు త్రాగునీటికై యడిగిరి. దిగువవారు బుక్కపట్టణపు చెఱువు, ధర్మవరపు చెఱువు నిండవని భయపడిరి. ఇరువురి మాటయు సత్యమే. వారికి బదులుగా మాటాడినవారు మాత్రము బెంగుళూరు, హైదరాబాదు సచివాలయములవారు.

ఒడంబడికను చించివేయవలెనని మా మతము కాదు. దిగువనున్న చెన్నపురి సమ్మతిని నిరాకరింపదలచినచో, అప్పటికే అనుభవములో నున్న హక్కును కాపాడుకొనుటకు మాత్రమే నిరాకరింపవచ్చునని అందే వ్రాసియున్నది. పేచీ వచ్చినచో మధ్యవర్తులు తీర్పవలెననియు నున్నది. తీరుబడిగ చదివినచో ఆ పత్రము ఎగువవారి మెడకు ఉరికాదు. దిగువవారి చేతికి కత్తియు కాదు. లోపమెల్ల ఆ ‘అనుభవములో నున్న హక్కు’ ఎంతయో అందఱికిని తెలియునట్లు వెల్లడి చేయకుండుటలో నున్నది. ఏ చెఱువునకు ఏ నెలలో ఎంత నీరు? ఆ లెక్క రైతు చేతికి రానంతవరకు ప్రతి కట్టయు దొంగతనమువలెను, ప్రతి యభ్యంతరము ఈర్ష్యవలెను తోచును.

2007లో కోలారు నుండి విడివడి చిక్కబళ్లాపురము జిల్లాయయ్యెను. ఈ సీమలో ఏడాదిపొడుగున పాఱు నది యొక్కటియు లేదు. బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి చెఱువులకు మళ్లించుకొను గతి పట్టినది. అట్టివారిని వాన నీటి విషయమున గూడ పొరుగు ప్రభుత్వపు సమ్మతికై కాచుకొనుడని చెప్పునప్పుడు, ఆ సమ్మతి నిచ్చు పీఠమున వారి మనిషి యొకడు కూర్చుండవలదా? ధర్మవరము మనిషియు కూర్చుండవలెను. చిత్రావతి, పాపఘ్ని, పినాకినులకు ఇరురాష్ట్రముల యుమ్మడి సంఘ మొకటి వేసి, తాలూకా రైతులను అందు సభ్యులను చేసి, ప్రతి చెఱువు హక్కును తెలుగు, కన్నడములలో అచ్చువేయింపవలెను. సరిహద్దు దాటుచోట నీటిని కొలుచు మట్టము లుంచి, ఆ యంకెలను వానకాల మంతయు రెండు వైపుల పంచాయతీ గోడలమీద వ్రాయింపవలెను. ఇందుకు క్రొత్త సంధి యక్కఱలేదు. ఇరువురు ముఖ్యమంత్రుల సంతకములు చాలును.