బొమ్మ గీయని బొమ్మల దర్శకుడు

కార్టూన్ సినిమా అనగానే పిల్లల్ని టీవీ ముందు కూచోబెట్టి పెద్దలు తమ పని చూసుకుంటారు. జపాన్ దర్శకుడు ఇసావో తకాహతా సినిమాకు మాత్రం అలా చేయకూడదు. ముఖ్యంగా 1988లో వచ్చిన 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్'కు.

1945 జూన్ 29న ఒకయామాపై అమెరికా విమానాలు నిప్పులు కురిపించినప్పుడు తకాహతాకు తొమ్మిదేళ్లు. పడుకునే బట్టలతోనే పరుగు తీశారు. ఆ భయం సినిమాలో కోబే నగరం తగలబడే దృశ్యాల్లో కనిపిస్తుంది. అకియుకి నొసాకా కథ అది. అమ్మ చనిపోయాక పద్నాలుగేళ్ల సెయితా, నాలుగేళ్ల చెల్లి సెత్సుకో పిన్ని ఇంటికి చేరతారు. ఆమె సూటిపోటి మాటలు పడలేక అన్న చెల్లిని తీసుకుని బయటికొచ్చేస్తాడు. అక్కణ్ణుంచి ఆకలే.

దీన్ని అందరూ యుద్ధ వ్యతిరేక చిత్రమంటారు. తకాహతా మాత్రం కాదనేవారు. ఆయన మాటలో పస ఉంది. చెల్లిని చంపింది బాంబు ఒక్కటే కాదు, పట్టించుకోని ఊరూ, తలవంచని పిల్లాడి పౌరుషం కూడా. ఏడిపించి వదిలేస్తే ఇది మామూలు సినిమా అయ్యేది.

విచిత్రమేమంటే, ఈయన బొమ్మలు గీసే మనిషి కాదు. టోక్యో విశ్వవిద్యాలయంలో ఫ్రెంచ్ సాహిత్యం చదివి 1959లో తోయె స్టూడియోలో చేరారు. గీసేవాళ్లు వేరే. మియజాకీ పేరు తెలిసినంతగా ఈయన పేరు తెలియకపోవడానికి అదీ ఓ కారణం కావచ్చు. నెమ్మది మనిషి కూడా. చివరి చిత్రం 'ప్రిన్సెస్ కగుయా'కు ఎనిమిదేళ్లు పట్టింది. 2013లో విడుదలైంది. పెన్సిల్ గీతలు కూడా చెరపకుండా అలాగే ఉంచేశారు.