పద్దున కెక్కని పనిమనిషి

ఆపత్కాలమున బీదలను గాపాడుట రాజధర్మమని పెద్దలు చెప్పుదురు. 2020వ సంవత్సరమున కరోనా మహమ్మారి వేళ ఆ ధర్మ మెవరికి జేరెనో, ఎవరికి జేరలేదో యీ మాసము విచారింతము.

మార్చి 25వ తేదీన దేశమంతట లాక్‌డౌను మొదలయ్యెను. మఱునాడు కేంద్ర ప్రభుత్వము సాయమును బ్రకటించి, జనధన్ ఖాతాగల స్త్రీలకు నెలకు 500 రూపాయల చొప్పున మూడు నెలలు జమచేసెను. ఇ.ఎస్.ఐ. చందా గట్టుచు నుద్యోగము గోల్పోయిన కార్మికులకు, అంతకుముందు జీతములో పాతిక వంతుగా నున్న భృతిని సగమునకు బెంచి, 90 దినములవఱకు నిచ్చు నేర్పాటు గావించెను. 2021 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము, బడులు మూతపడి జీతములు లేని ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలును, 25 కిలోల బియ్యమును మంజూరు చేసెను. ఉపాధ్యాయుల కుటుంబములలోని మాకు ఆ బియ్యము విలువ తెలియును.

ఇందొక సూక్ష్మము కలదు. ఫ్యాక్టరీ కార్మికునకు హాజరు పట్టీ కలదు. ఉపాధ్యాయునకు బడి రిజిష్టరు కలదు. మన యిండ్లలో నంట్లు తోము నామె పే రే పద్దులో నున్నది? ఆమెకు ఇ.ఎస్.ఐ. లేదు, సగము జీతమును లేదు. ఆమె యజమానులము మనమే. ఆ దినములలో పనికి రావలదన్నదియు మనమే. కొందఱు గృహిణులు జీత మాపక పంపిరి, కొంద ఱాపిరి. పని లేని దినమునకు కూలి యేల యని యడుగువా రున్నారు. పని మానినది ఆమె యిచ్ఛచే గాదు. ఆకలి మాత్ర మొక పూటయు మానలేదు.

కావున ఇపుడే చేయదగిన పనులు కొన్ని కలవు. 2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వ మసంఘటిత కార్మికులకై ఈ-శ్రమ్ నమోదు నారంభించెను. 16 మొదలు 59 ఏండ్ల లోపువారు ఆధారు, ఫోను నంబరు, బ్యాంకు ఖాతా వివరములతో నుచితముగా నమోదు కావచ్చును. నమోదైనంతనే రూకలు రాలవు. కాని పేరే లేనిచోట సాయ మెట్లు వచ్చును? చదువురాని యామెకు దోడుగా మనమే కూర్చుండి వ్రాయింతము. జీత మిచ్చిన తేదీని, మొత్తమును చిన్న పుస్తకమున వ్రాసి యామెచేత నుంచుదము. మరల నట్టి యాపద వచ్చినచో సగము జీతమైన నాపకుందమని యిపుడే నిశ్చయించుకొందము.

ప్రభుత్వపు పద్దు వ్రాయువారు దూరమున నుందురు. మన వంటింటి పద్దు మన చేతిలోనిదే గదా!