దవాఖానా రిజిస్టరులో మన పేరు

భిక్నూర్ 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న ఊరు. ఒకప్పుడు దీన్ని 7వ నంబరు రోడ్డు అనేవారు. హైదరాబాదు నుంచి నాగపూర్ వైపు సాగే లారీలకు, బస్సులకు రాత్రీ పగలూ తేడా ఉండదు. ఈ రోడ్డు మీద బండి బోల్తా పడిందంటే ముందుగా పరుగెత్తేది పక్క ఊళ్ళ యువకులే. దొరికిన ఆటోనో జీపునో ఆపి, గాయపడిన మనిషిని అందులో పడుకోబెట్టి కామారెడ్డికి తరలిస్తారు. అతని పేరు, మతం అడగరు. ఇది ఎంతో గొప్ప ఖిద్మత్. అయినా ఇందులో ఒక లోపం ఉంది. దాని గురించి ఈ జుమా నాడు నాలుగు మాటలు చెప్పదలిచాము.

అలా ఆటోలో వెళ్ళిన మనిషి 108 లెక్కలోకి రాడు.

108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలై, తరువాత అనేక రాష్ట్రాలకు విస్తరించింది. ఆ నంబరుకు ఫోన్ చేయగానే సమయం నమోదవుతుంది. అంబులెన్స్ ఎప్పుడు కదిలింది, ఎప్పుడు చేరింది, దారిలో రోగి నాడి ఎలా ఉంది, ఆసుపత్రికి ఎప్పుడు అప్పగించారు అన్నవి రాసుకుంటారు. 48 గంటల తరువాత రోగి ఎలా ఉన్నాడో విచారించే పద్ధతి కూడా ఉంది. ఇవన్నీ కుప్ప పోసి చూస్తే ఏ మలుపు దగ్గర, ఏ వేళల్లో పిలుపులు ఎక్కువ వస్తున్నాయో తెలుస్తుంది. దాన్నిబట్టే బండిని ఎక్కడ నిలిపి ఉంచాలో నిర్ణయిస్తారు. పిలుపే రాని చోట ఆపద లేదనుకుంటుంది లెక్క. మన యువకులు పదిమందిని ఆటోల్లో మోసినా, ఆ కాగితం మీద అక్కడ ప్రమాదాలే జరగనట్టు ఉంటుంది. పదకొండో మనిషికి బండి దూరం నుంచి రావలసి వస్తుంది. పైగా మెడకో వెన్నుకో దెబ్బ తగిలిన వాణ్ణి ఆటోలో ముడుచుకొని కూర్చోబెడితే లేని కీడు జరుగుతుంది. కాబట్టి ముందు ఫోన్ చేయండి. బండి రావడం ఆలస్యమయ్యేలా ఉంటే వేరే దారి చూడవచ్చు. కానీ ఆ ఫోన్ మాత్రం మానకండి.

పోలీసుల చుట్టూ తిరగాల్సి వస్తుందనే భయంతో కొందరు ఫోన్ చేయరు. ఆ భయానికి ఇప్పుడు ఆధారం లేదు. గాయపడిన వారికి సాయపడినవారిని వేధించరాదని సుప్రీంకోర్టు 2016 మార్చి 30న తీర్పు చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనే 134ఎ సెక్షనుగా ఆ రక్షణ చేరింది. ఇష్టం లేకపోతే సాయం చేసినవారు తమ పేరు కూడా చెప్పనక్కర లేదు. ప్రమాదం ఎక్కడ జరిగింది, ఎన్ని గంటలకు జరిగింది అన్నవి చెబితే చాలు.

ఇక పేర్ల సంగతి. బడిలో పిల్లల్ని చేర్చుకునేటప్పుడు మేము నిత్యం చూసే చిక్కే ఇది. ఒక కాగితంలో మహమ్మద్, మరొకదానిలో ఎండీ, ఇంకొకదానిలో మొహమ్మద్. ఆడవారి విషయం మరీ అన్యాయం. పెళ్ళికి ముందు ఒక పేరు, తరువాత మరొకటి, చివర బేగం ఒకచోట ఉంటుంది, ఇంకోచోట బీ. వయస్సు అడిగితే "రాసుకోండి, నలభై" అంటాము. ఉర్దూలో ఒకే రకంగా రాసే పేరు తెలుగులో, ఇంగ్లీషులో మూడు రకాలవుతుంది. రాసే గుమాస్తాను మాత్రమే తప్పుపట్టి లాభం లేదు. బడిలో అయితే ఒక అర్జీతో సరిపోతుంది. దవాఖానాలో అలా కాదు. కామారెడ్డిలో తీసిన రక్త పరీక్ష ఒక పేరున, నిజామాబాదులో రాసిన మందులు మరో పేరున ఉంటే, హైదరాబాదులో చూసే డాక్టరుకు అవి ఇద్దరు మనుషులవిగా కనబడతాయి. పెన్సిలిన్ పడని ఒంటికి అదే సూది పడే ప్రమాదం ఇక్కడే పొంచి ఉంటుంది. ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచింది. కానీ కార్డులో పేరు, ఆధార్‌లో పేరు కలవక కౌంటరు దగ్గర నిలబడిపోతే ఆ 10 లక్షలు ఎవరికి?

పోయిన ఏళ్ళలో మనం చూసిన పెద్ద ఆపద 2025 ఆగస్టు చివరివారంలో వచ్చిన వాన. కామారెడ్డి జిల్లా అంతా జలమయమైంది. భిక్నూర్, తల్మడ్ల స్టేషన్ల మధ్య రైలు పట్టాల మీదుగా వరద పారింది. జాతీయ రహదారి మీద వాహనాలు ఆగిపోయాయి. అలాంటి రోజున ఏ అంబులెన్స్ కదలాలి? ఆ పూట పనికివచ్చేది ముందురోజే చేతిలో ఉన్న జాబితా. ఏ ఇంట్లో నెలలు నిండిన ఇల్లాలు ఉంది, ఎవరికి వారానికి రెండుమూడు సార్లు డయాలిసిస్ కావాలి, ఎవరికి ఇన్సులిన్ అయిపోవస్తోంది? ఈ వివరాలు చాలావరకు ఆశా కార్యకర్త రిజిస్టరులో, ఏఎన్ఎం ట్యాబులో ఉంటాయి. వాన హెచ్చరిక రాగానే ఆ జాబితా తీసి, వారిని ముందే కామారెడ్డికి చేర్చగలిగితే సగం కష్టం తప్పుతుంది. అయితే మన ఇంటి తలుపు తట్టినప్పుడు మనం నిజం చెప్పి ఉంటేనే.

నిజం చెప్పడానికి మనవాళ్ళు జంకుతారు. 2020 మొదట్లో పౌరసత్వం గొడవ నడుస్తున్నప్పుడు చేతిలో కాగితంతో వచ్చిన వారందరినీ అనుమానించాము. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు, దాన్ని ఎగతాళి చేసేవారితో మేము ఏకీభవించము. క్షయ ఉన్న ఆడపిల్ల సంగతి బస్తీలో పొక్కితే ఆమె పెళ్ళి ఏమవుతుందో తల్లిదండ్రులకు తెలుసు. రోగి రహస్యం అమానత్. రిజిస్టరు పట్టుకున్న ప్రతివారూ, ఆశా కార్యకర్త మొదలుకొని కంప్యూటరు దగ్గర కూర్చున్న అధికారి వరకు, దానికి జవాబుదారులే. 2023లో పార్లమెంటు వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం చేసింది. 14 అంకెల ఆభా ఆరోగ్య సంఖ్య తీసుకోవడం ఎవరి ఇష్టం వారిది. దానితో ముడిపడిన రికార్డులు మరొకరు చూడాలంటే మన సమ్మతి ఉండాలి. సమ్మతి దేనికో అడిగి తెలుసుకొని ఇవ్వండి. అడిగే హక్కు ఉంది కదా అని రక్తపోటును కూడా దాచిపెట్టడం మాత్రం తెలివి కాదు.

ప్రభుత్వానికీ ఒక మాట. రాయించుకోవడం మీదున్న శ్రద్ధ చదవడం మీద కనబడదు. ఆశా కార్యకర్తల చేత ఇన్ని రిజిస్టర్లు నింపించి, వాటిని బీరువాలో పెడితే ఏం ప్రయోజనం? వెయ్యేళ్ళ కిందట రయ్, బాగ్దాద్ నగరాల దవాఖానాల్లో పనిచేసిన హకీమ్ అల్ రాజీ రోగుల వివరాలు రాసుకొని ఊరుకోలేదు. ఒక జబ్బుకు కొందరికి రక్తం తీసి, కొందరికి తీయకుండా ఉంచి, ఎవరికి నయమవుతుందో పోల్చి చూశాడు. ఆయన రాతలను మరణానంతరం అల్ హావీ గ్రంథంగా కూర్చారు. కామారెడ్డిలో 2023లో మెడికల్ కాలేజీ వచ్చింది. అక్కడి విద్యార్థులు రోగుల పేర్లు తీసేసిన లెక్కలను ముందు పెట్టుకొని, ఈ రోడ్డు మీద గాయపడినవారు ఎంతసేపటికి డాక్టరు దగ్గరికి చేరుతున్నారో, ఆలస్యం ఎక్కడ జరుగుతోందో తేల్చలేరా? ఆ ఫలితాన్ని భిక్నూర్ పంచాయతీ నోటీసు బోర్డు మీద అంటించలేరా?

వచ్చే వానాకాలానికి ముందే మసీదు కమిటీలు ఒక పని చేయవచ్చు. ఒక జుమా నమాజు తరువాత చదువుకున్న పిల్లలు నలుగురు కూర్చొని, వచ్చినవారి ఆధార్, రేషన్, ఆరోగ్యశ్రీ కాగితాల్లో పేర్లు, పుట్టిన తేదీలు కలుస్తున్నాయో లేదో చూసిపెట్టాలి. ఆడవారికి వేరే రోజు, ఆడపిల్లల చేతనే చూపించాలి. కలవనివాటిని మీసేవకు తీసుకువెళ్ళాలి. పాత మందుల చీటీలు, పరీక్షల కాగితాలు ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఏ మందు పడదో పైన పెద్ద అక్షరాలతో రాసి, ఇంట్లో అందరికీ తెలిసిన చోట మేకుకు తగిలించాలి.