పెరిగే పిల్ల కొలత మంచు మీద పనికిరాదు

కొవ్వూరులో మా అమ్మ నాకు స్కూలు పరికిణీ కుట్టించేటప్పుడు దర్జీతో ఒకటే మాట అనేది: "పెరిగే పిల్ల, కాస్త వదిలి కుట్టు." అంచున నాలుగు వేళ్ల మడత పెట్టించి, ఏడాదికొక వేలు చొప్పున విప్పేది. ఆ పొదుపు మీద నాకు ఇప్పటికీ గౌరవమే. కానీ అదే లెక్కతో పిల్లలకు స్నోబోర్డు కొంటే పిల్లలు దెబ్బ తింటారు. సియాటిల్ పక్కన బెల్లెవ్యూలో పదకొండేళ్లుగా ఉంటున్నాను. డిసెంబరు వచ్చిందంటే మన తెలుగు కుటుంబాలు ఇదే పొరపాటు చేస్తుంటాయి. మా ఇంట్లోనూ జరిగింది కనుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అమెరికాలోని కొడుకో కోడలో పంపిన ఫొటోల్లో కాళ్లకింద పొడవాటి పలక మీరు చూసే ఉంటారు, అదే స్నోబోర్డు. రెండు కాళ్లనూ దానికి అడ్డంగా బిగించుకుని, మంచు వాలు మీద జారుతూ దిగుతారు. పలకకు రెండు వైపులా ఉక్కు అంచులుంటాయి. తిరగాలన్నా ఆగాలన్నా ఒక అంచు మీదికి ఒరగాలి. వాలు కిందివైపున్న అంచు పొరపాటున మంచులో దిగబడిందా, మనిషి గభాలున విసిరేసినట్టు పడతాడు. నేర్చుకునేవాళ్లు పడుతూ చెయ్యి ఆనిస్తారు, మణికట్టు విరుగుతుంది.

మా అక్క కొడుక్కి జరిగింది ఇదే. ఎమ్మెస్ చదవడానికి వచ్చిన మొదటి చలికాలం. థాంక్స్ గివింగ్ సేల్‌లో సగం ధరకు వస్తోందని 162 సెంటీమీటర్ల బోర్డు కొన్నాడు. బాగా బిరుసైనది, వేగంగా దిగే అనుభవజ్ఞుల కోసం చేసినది. వాడి బరువు 62 కిలోలు. "అమ్మినాయన నా ఎత్తు చూసి సరిపోతుందన్నాడు పిన్నీ. నేర్చుకున్నాక మళ్లీ ఇంకోటి కొనక్కర్లేదు కదా!" అన్నాడు. రెండో శనివారానికి చేతికి కట్టుతో మా ఇంటికి వచ్చాడు. వాడికి 152 చుట్టుపక్కల, మెత్తగా వంగే బోర్డు ఉండాల్సింది.

గడ్డం దాకా వస్తే సరి, ముక్కు దాకా వస్తే సరి అన్న పాత కొలత ఇంకా చాలామంది నోట వినిపిస్తుంది. నిలబెట్టి చూడటం తేలిక కాబట్టి అది బతికింది. బోర్డుకు మన ఎత్తుతో పనిలేదు. దాని మీద పడేది బరువు. స్నోబోర్డును విల్లనుకోండి. మామూలు కాంబర్ బోర్డును నేల మీద పెడితే నడుము పైకి లేచి ఉంటుంది. మనం ఎక్కితే ఆ నడుము అణిగి, అంచంతా మంచును పట్టుకుంటుంది. ఒరిగినప్పుడు బోర్డు ఇంకా వంగి, ఆ వంపే మనల్ని తిప్పుతుంది. ఎక్కుపెట్టలేని విల్లు చేతిలో ఉంటే బాణం వేయలేం. 62 కిలోల పిల్లాడు 85 కిలోల మనిషి కోసం చేసిన బోర్డును వంచలేడు. వంగని బోర్డు తిరగదు, తిన్నగా వాలు కిందికే పోతుంది. రాకర్ అని ఇంకో రకం ఉంది. గోదావరిలో నాటు పడవలా రెండు కొసలూ పైకి లేచి ఉంటాయి. కొసల దగ్గర అంచు మంచుకు తగలదు కాబట్టి కొత్తవాళ్లను ఊరికే పడేయదు. గట్టి మంచు మీద మాత్రం దాని పట్టు తక్కువ. ఈ రెంటినీ కలిపిన హైబ్రిడ్ బోర్డులు ఇప్పుడు ఎక్కడ చూసినా ఉన్నాయి. మొదటి బోర్డు కొనేవాళ్లకు నేను చూపించేవి అవే.

బిరుసుదనానికి కంపెనీలు ఒకటి నుంచి పది దాకా అంకెలు వేస్తాయి. అందరూ ఒప్పుకున్న కొలబద్ద ఏదీ లేదు. ఒకరి అయిదు ఇంకొకరి ఏడు కావచ్చు. అందుకే అంకె మీద ఆధారపడకుండా, ఆ బోర్డు పక్కన కంపెనీ రాసిన బరువు పరిధి చూడమంటాను. ఆ పరిధిలో మీ బరువు మధ్యలో ఉండాలి.

వెడల్పు సంగతి నాకు నా ఒంటి మీదే తెలిసింది. మొదటి రెండు చలికాలాలు మా వారి పాత బోర్డు వాడాను. ఆయన 78 కిలోలు, నేను 54. ఆయనవి పెద్ద పాదాలు, నావి చిన్నవి. నా బూటు బోర్డు అంచులకు బాగా ఇవతలే ఉండిపోయేది. ఒక అంచు మీది నుంచి ఇంకో అంచు మీదికి మారాలంటే ఒళ్లంతా విదిలించాల్సి వచ్చేది. సాయంత్రానికి పిక్కలు రాళ్లయ్యేవి. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో మొదలుపెడితే ఇంతేనేమో అనుకుని మానేద్దామనుకున్నాను. ఒకరోజు కొండ దగ్గర అద్దె కౌంటర్‌లో ఒక అమ్మాయి నా బరువూ బూటు సైజూ మాత్రమే అడిగి, 146 సెంటీమీటర్ల ఆడవాళ్ల బోర్డు చేతిలో పెట్టింది. నడుము దగ్గర వెడల్పు ఒక సెంటీమీటరు తక్కువ. ఆ మధ్యాహ్నం మొదటిసారి పడకుండా కిందిదాకా దిగాను. రెండేళ్లు నన్ను నేను చేతకానిదాన్ననుకున్నందుకు ఆ రాత్రి ఏడుపొచ్చింది. పెద్ద పాదాలున్న మగవాళ్లకు దీనికి తిరగేసిన కష్టం: సన్నటి బోర్డు మీద బూటు కొస బయటికి వచ్చి, ఒరిగినప్పుడు మంచుకు గీసుకుని పడేస్తుంది. వాళ్లు వైడ్ అని రాసినవే చూడాలి.

ఇక పిల్లలు. 1965 క్రిస్మస్ నాడు మిషిగన్‌లోని మస్కీగన్ ఊళ్లో షెర్మన్ పాపెన్ అనే తండ్రి కూతుళ్ల ఆట కోసం రెండు స్కీలను కలిపి బిగించాడు. స్నర్ఫర్ అనే పేరుతో అది బజారుకొచ్చింది, ఈనాటి స్నోబోర్డుకు తొలి రూపాల్లో ఒకటయింది. 1998 నగానో ఒలింపిక్స్ దాకా వెళ్లిన ఆట ఇంటి పిల్లల కోసం చేసిన బొమ్మ దగ్గర మొదలైందన్నమాట. ఈరోజు 80, 90 సెంటీమీటర్ల పసిపిల్లల బోర్డులు కూడా దొరుకుతున్నాయి. అయినా మా అమ్మాయికి ఏడేళ్లప్పుడు, మూడేళ్లు వస్తుందని నేనే పెద్దది కొన్నాను. అది తిప్పలేక పిల్ల వాలు మధ్యలో కూర్చుండిపోయి, "అమ్మా, నాకు రాదు" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. పిల్లలకు బోర్డు కొనకండి. చాలా దుకాణాలు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సీజన్ అద్దెకు ఇస్తాయి, మధ్యలో పిల్ల ఎదిగితే మార్చి ఇచ్చేవీ ఉన్నాయి.

ఏ కొండ మీద దిగుతారన్నది కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. మా రాష్ట్రంలోని మౌంట్ బేకర్‌లో 1998-99 చలికాలంలో 1,140 అంగుళాల మంచు పడింది, ప్రపంచ రికార్డు. అంటే దాదాపు 29 మీటర్లు. ఆ పేరు చూసి ఇక్కడి కుర్రాళ్లు ముక్కు వెడల్పుగా, తోక సన్నగా ఉండే పౌడర్ బోర్డులు కొంటారు. లోతైన మంచులో తేలడానికి అవి గొప్పవే. కానీ మనవాళ్లలో ఎక్కువమంది వెళ్లేది గంట ప్రయాణంలో ఉన్న స్నోక్వాల్మీకి, అదీ శనివారం సాయంత్రం, ఫ్లడ్ లైట్ల కింద. యంత్రాలతో చదును చేసి, వందలమంది తొక్కిన తడి మంచు అది. దానికి కావాల్సింది అంచు పట్టు, మధ్యరకం మెత్తదనం. మంచులో పాతిన ఇనుప కమ్మీల మీదా దిబ్బల మీదా ఎగరాలనుకునేవారికి రెండు కొసలూ ఒకేలా ఉండి, ఎటు తిరిగినా దిగగలిగే ట్విన్ బోర్డు, రెండు మూడు సెంటీమీటర్లు పొట్టిది. వేగం, లోతైన మలుపులు ఇష్టమైతే పొడవు, బిరుసు. ఏ ఇష్టమూ ఇంకా తెలియనివారికి ఆల్ మౌంటెన్ బోర్డు, అద్దెకు.

డబ్బు పెట్టాలనుంటే ముందు బూట్ల మీద పెట్టండి. మడమ లేవకూడదు, వేళ్లు ముందు కొనకు కాస్త తగలాలి. చలికని రెండు జతల మేజోళ్లు వేసుకుంటారు మనవాళ్లు. రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. ఒక్క పలచటి ఉన్ని జత చాలు. జనవరిలో గుల్‌మర్గ్ వెళ్తున్నాం, బోర్డు కొనుక్కోవాలా అని హైదరాబాద్ నుంచి మా చెల్లెలు అడిగితే అదే చెప్పాను: ఆ మేజోళ్లూ మణికట్టు పట్టీలూ తీసుకెళ్లు, బోర్డు అక్కడ అద్దెకు తీసుకో, గొండోలా కేబుల్ కారులో పైదాకా వెళ్లి కొండ చూసి దిగిరా, జారడం మాత్రం కింది వాలు మీదే.

అక్క కొడుకు చెయ్యి బాగయింది. వాడి 162 ను వాడికంటే బరువైన స్నేహితుడొకడు కొనుక్కున్నాడు. మా అమ్మాయికి కొన్న ఆ పెద్ద బోర్డు మాత్రం గరాజులోనే ఉంది, ఈ ఏడు ఎవరైనా సరైన పిల్లకు ఇచ్చేద్దామని మా కాలనీ తెలుగు గ్రూపులో పెట్టాను. అప్పుడే ఆరుగురు అడిగారు, అందరూ పిల్లల వయసే రాశారు. కిలోలు రాసి పంపమని మళ్లీ మెసేజ్ పెట్టాను.