జాబ్ వచ్చాక చూద్దామంటే కండరం ఆగదు

నా రూమ్మేట్ ప్రిలిమ్స్ సులువుగానే గట్టెక్కాడు. ఈవెంట్స్‌లో పోయాడు. తెలంగాణ కానిస్టేబుల్ 2022 నోటిఫికేషన్‌లో అబ్బాయిలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తాలి. వాడికి 7 నిమిషాల 22 సెకన్లు పట్టింది. ఏడాదిన్నర చదువు ఆ ఏడు సెకన్ల దగ్గర ఆగిపోయింది.

వాడేమీ ఒళ్లు వంచనివాడు కాదు. డిగ్రీలో కబడ్డీ ఆడాడు. ‘పొలం గట్ల మీద పరిగెత్తినోణ్ణి, నాకు 1600 ఒక లెక్కా’ అనేవాడు. ఒకప్పటికి అది నిజమే. ఆ తర్వాత పద్నాలుగు నెలలు చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీకి అతుక్కుపోయాడు. ఈవెంట్స్‌కి మూడు వారాలుందనగా షూస్ కొన్నాడు. రెండో వారానికి మోకాలి కింద ముందు ఎముక దగ్గర నొప్పి మొదలైంది. ఆ నొప్పితోనే ట్రాక్ ఎక్కాడు.

నా సంగతీ అంతే. బీటెక్ అయ్యాక అమీర్‌పేటలో కోర్సులు చేస్తూ ఏడాది గడిపాను. ఒక కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్తే లిఫ్ట్ పనిచేయలేదు. నాలుగో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం. ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అన్నారు, నా పేరు చెప్పడానికి రెండుసార్లు ఊపిరి పీల్చుకోవాల్సి వచ్చింది. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు.

‘ముందు జాబ్ రానీ, ఒంటి సంగతి తర్వాత చూసుకుందాం’ అనే మాట ప్రతి హాస్టల్లో వినిపిస్తుంది. కోచింగ్ సెంటర్లూ అదే చెబుతాయి, ఇంట్లోనూ అదే అంటారు. ఆ మాట తప్పని నా వాదన. ఆరోగ్యమే మహాభాగ్యం లాంటి సుద్దులు చెప్పడానికి ఇది రాయడం లేదు. కండరం పనిచేసే పద్ధతే ఆ మాటకు ఒప్పుకోదు.

కండరం శరీరానికి ఖర్చుతో కూడిన వ్యవహారం. దాన్ని నిలబెట్టుకోవాలంటే రోజూ పాత ప్రొటీన్ తీసేసి కొత్తది కట్టుకుంటూ ఉండాలి. కండ మీద బరువు పడితే కట్టే పని పెరుగుతుంది. బరువు పడకపోతే కట్టే పని నెమ్మదిస్తుంది, విప్పే పని మాత్రం నడుస్తూనే ఉంటుంది. అంటే ఇది బ్యాంకులో ఎఫ్‌డీ లాంటిది కాదు, కాలేజీలో వేసుకున్న కబడ్డీ కండ అలాగే పడి ఉండదు. ప్రీపెయిడ్ సిమ్ అనుకోండి, రీచార్జ్ ఆపితే సర్వీసు ఆగుతుంది.

ఎంత త్వరగా ఆగుతుందో కోపెన్‌హేగన్‌లో పరిశోధకులు లెక్క తీశారు. 2010లో వచ్చిన ఆ అధ్యయనంలో పదిమంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లు ఉన్నారు. వాళ్లకు రోజుకు పదివేల అడుగులు నడిచే అలవాటు. దాన్ని 1500 లోపుకు తగ్గించమన్నారు. మంచం ఎక్కించలేదు, కట్టు కట్టలేదు. లిఫ్ట్ వాడండి, బండి మీద వెళ్లండి, కూర్చోండి అన్నారు, అంతే. రెండు వారాలకే ఒంటికి ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం 7 శాతం తగ్గింది. కాళ్లలో కండ 2.8 శాతం తగ్గింది. ఇన్సులిన్‌కు శరీరం స్పందించే తీరు 17 శాతం పడిపోయింది. రూమ్ నుంచి మెస్‌కి, మెస్ నుంచి రీడింగ్ రూమ్‌కి, మళ్లీ రూమ్‌కి. మీ ఫోన్‌లో అడుగుల లెక్క ఒకసారి చూసుకోండి. ఆ కుర్రాళ్లు చేసింది రెండు వారాలు. మనం నోటిఫికేషన్ వచ్చేదాకా చేస్తాం.

పూర్తిగా కదలకపోతే ఇంకా వేగంగా పోతుంది. నెదర్లాండ్స్‌లో కుర్రాళ్ల కాలికి కట్టు వేసి కొలిచారు. ఐదు రోజులకు తొడ కండరం పరిమాణం 3.5 శాతం తగ్గితే, బలం 9 శాతం తగ్గింది. పద్నాలుగు రోజులకు పరిమాణం సుమారు 8 శాతం, బలం 23 శాతం. బలం ఎప్పుడూ కండ కన్నా ముందే పోతుంది. కండకు ఆదేశం పంపే నరాల పనితీరూ మందగించడం దానికి ఒక కారణం. అద్దంలో చూసుకుని ‘నేను బాగానే ఉన్నా’ అనుకుంటే మోసపోయేది ఇక్కడే.

దీని చివరి అంచు చూడాలంటే అంతరిక్షానికి వెళ్లాలి. అక్కడ నిలబడాల్సిన పనే లేదు కాబట్టి మనల్ని నిలబెట్టే పిక్కలు, తొడలు, వెన్ను కండరాలకు డ్యూటీ ఉండదు. 1970 జూన్‌లో సోయుజ్-9లో నికోలయెవ్, సెవస్త్యానొవ్ 18 రోజులు ఉండి దిగాక సరిగ్గా నిలబడలేక, నడవలేక ఇబ్బంది పడ్డారు. ఇద్దరూ కఠోర శిక్షణ పొందిన వ్యోమగాములు! వ్యాయామం మీద అంతరిక్ష సంస్థలు అంత పట్టు పట్టడం వెనుక ఇలాంటి అనుభవాలున్నాయి.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది ఆ తర్వాతి కథ. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో సుమారు ఆరు నెలలు ఉండి వచ్చిన తొమ్మిది మందిని పరీక్షించి 2009లో ఒక పత్రం ప్రచురించారు. వాళ్లు అక్కడ వ్యాయామం మానలేదు. ట్రెడ్‌మిల్ ఉంది, సైకిల్ ఉంది. అయినా పిక్క కండరం 13 శాతం తగ్గింది, దాని గరిష్ఠ శక్తి 32 శాతం పడిపోయింది. పైగా ఎక్కువసేపు అలసిపోకుండా పనిచేసే నెమ్మది తంతువుల వాటా తగ్గి, త్వరగా అలసిపోయే వేగపు తంతువుల వాటా పెరిగింది. 1600 మీటర్లు పరిగెత్తేవాడికి మనం వద్దనుకునే మార్పు సరిగ్గా అదే.

వ్యాయామం చేసినా ఎందుకు పోయింది? కండ మీద పడాల్సినంత బరువు పడలేదు. అప్పట్లో అక్కడున్న బరువుల యంత్రానికి అంత సత్తా లేదు. 2008 చివర్లో ఏరెడ్ అనే కొత్త యంత్రం పైకి వెళ్లింది. ఇంజినీరింగ్ చదివినవాణ్ణి కదా, దీని గురించి ఒక్క ముక్క చెప్పకుండా ఉండలేను. భారం లేని చోట డంబెల్‌కీ భారం ఉండదు. అందుకే వాక్యూమ్ సిలిండర్లతో నిరోధం పుట్టించారు, నిజమైన బరువు ఎత్తేటప్పుడు ఉండే జడత్వం రావడానికి ఫ్లైవీల్స్ పెట్టారు. ఒకాయన స్క్వాట్స్ చేస్తుంటే కేంద్రం మొత్తం ఊగకుండా విడిగా మరో ఏర్పాటు. దాని మీద 600 పౌండ్ల దాకా, అంటే దాదాపు 272 కిలోల నిరోధం పెట్టుకోవచ్చు. ఏరెడ్ వాడుతూ సరిపడా తిన్నవాళ్లు మునుపటి వాళ్లకన్నా కండనూ ఎముకనూ బాగా నిలబెట్టుకుని దిగారు. మెకానికల్ బ్రాంచ్‌కి స్కోప్ లేదని దిగులుపడే తమ్ముళ్లు ఈ యంత్రం గురించి ఒకసారి చదవండి.

ఇది మన దేశపు సంగతి కూడా. 2025లో శుభాంశు శుక్లా యాక్సియమ్-4లో వెళ్లినప్పుడు అక్కడ చేసిన ప్రయోగాల్లో ఒకటి కండర కణాల గురించే. బరువు లేని స్థితిలో కండరం తిరిగి పెరిగే ప్రక్రియ ఎందుకు కుంటుపడుతుందన్న ఆ ప్రయోగం బెంగళూరులోని ఇన్‌స్టెమ్ సంస్థది. ఇలాంటి పరిశోధన మంచం పట్టిన ముసలివాళ్లకూ పనికొస్తుంది. లైఫ్ సైన్సెస్ చదువుతున్నవాళ్లకు ఇదొక దారి అని గుర్తుపెట్టుకోండి.

‘అన్నా, టైమ్ లేదు’ అంటారు. అంతరిక్షంలో ఒక్కో నిమిషం ఎంత ఖరీదో ఆలోచించండి. అయినా ఒక్కొక్కరికి రోజుకు సుమారు రెండు గంటలు వ్యాయామానికే కేటాయిస్తారు. వాళ్లకు జీతం ఇచ్చి మరీ చేయిస్తారు, మనకి మెస్ బిల్లు కట్టుకోవడమే కష్టం, ఒప్పుకుంటాను. కానీ మనకి రెండు గంటలు అక్కర్లేదు. పెద్దవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, దాంతోపాటు రెండు రోజులు కండరాలకు బలం పెంచే వ్యాయామం. రోజుకు అరగంట కూడా పడదు. మనం రీల్స్‌కి అంతకంటే ఎక్కువే ఇస్తున్నాం.

జిమ్ ఫీజు కట్టలేకపోతే మెట్లున్నాయి. జనరల్ స్టడీస్ పుస్తకాలన్నీ బ్యాగ్‌లో వేసుకుని స్క్వాట్స్ చేయండి, ఆ పుస్తకాల బరువు ఎలాగూ మోస్తున్నాం. సులువైపోయాక ఇంకో పుస్తకం పెట్టండి. ప్రొటీన్‌కి గుడ్లు, పప్పు, శనగలు, పెరుగు చాలు. గ్రౌండ్ బయట నిలబడి ‘నెలలో రెడీ చేస్తా’ అంటూ ఇంజెక్షన్ల గురించి చెవిలో చెప్పేవాళ్లు దొరుకుతారు. ఆ మాట వినగానే అక్కణ్ణుంచి వచ్చేయండి.

ఈవెంట్స్ రాసేవాళ్లకు ఇంకో మాట. మొదటి కొన్ని వారాల్లో బలం పెరిగినట్టు అనిపించేది ఎక్కువగా నరాల చలవ, కండ పెరగడానికి ఇంకా టైమ్ పడుతుంది. కండరం లోపల ఆక్సిజన్‌తో శక్తి తయారు చేసే మైటోకాండ్రియా పెరగడానికీ వారాలు కావాలి. 1967లో హోలోజీ అనే శాస్త్రవేత్త ఎలుకలను వారాల తరబడి పరిగెత్తించి దీన్ని చూపించాడు. ఎముకా స్నాయువులూ అంతకంటే నిదానం. గుండె, కండ ‘సరే’ అన్నాక కూడా ఎముక ‘ఆగు’ అంటుంది. మా వాడి కాలు నొప్పి అదే. మూడు వారాల్లో మూడు నెలల పని చేయబోయాడు.

అమ్మాయిల విషయంలో నా దగ్గర సులువైన సలహా లేదు. 800 మీటర్లు ప్రాక్టీస్ చేద్దామంటే తెల్లవారుజామున దీపాలున్న గ్రౌండ్ ఎన్ని ఊళ్లలో ఉంది? హాస్టల్ గేటు ఎన్నింటికి తెరుస్తారు? ‘క్రమశిక్షణ లేదు’ అని పిల్లల్ని అనే ముందు కాలేజీలు తమ గ్రౌండ్‌ను పొద్దున, సాయంత్రం తెరిచి పెడితే బాగుంటుంది. టైమ్‌టేబుల్‌లో గేమ్స్ పీరియడ్ ఉండి, అందులో సిలబస్ చెప్పే కాలేజీలు నాకు బాగా తెలుసు. నేను చదివింది అలాంటి దాంట్లోనే.

ఇదంతా చదివి, ఆలస్యమైపోయిందేమో అనుకోకండి. 1990లో బోస్టన్‌లో 86 నుంచి 96 ఏళ్ల వృద్ధులతో ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. వాళ్ల కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. కండ తగ్గినా, ఒకప్పటి శిక్షణలో చేరిన అదనపు కణకేంద్రకాలు మిగిలే ఉంటాయని ఎలుకల మీద చేసిన ప్రయోగాలు చూపించాయి. మనుషుల్లో ఇది ఎంతవరకన్న వాదన నడుస్తూనే ఉంది.

మా వాడు ఇప్పుడు ఎస్‌ఐకి చదువుతున్నాడు. నోటిఫికేషన్ ఇంకా రాలేదు. వారానికి మూడు రోజులు పరుగు, రెండు రోజులు పుస్తకాల బ్యాగ్‌తో మెట్లు. పోయిన ఆదివారం 1600 మీటర్లు 6 నిమిషాల 50 సెకన్లలో పూర్తి చేశాడు. టైమర్ పట్టుకుని నిలబడింది నేనే. వాడి అలారం ఐదింటికి మోగి నా నిద్ర చెడగొడుతోంది, అది వేరే సంగతి.