గృహాలంకరణము: పల్లెటింటి సొబగు

పట్టణములందలి యిండ్లను సయితము పల్లెటింటి తీరున నలంకరించుకొనవలెనను ముచ్చట యిప్పుడు మన సోదరీమణులలో హెచ్చుచున్నది. ఇది కొనియాడదగిన కోరికయే. కాని యా సొబగు అంగడిలో దొరకునని తలంచుట పొరపాటు. ఆ పొరపాటు మేమును జేసినవారమే.

మా పాత యింటి గోడలు ఇటుకతో, సున్నముతో గట్టినవి. నున్నగా గనబడునను నాసచే నాలుగేండ్ల క్రిందట వానికి ప్లాస్టికు రంగు వేయించితిమి. ఒక వానకాలము గడచునప్పటికి రంగు బుడగలుగా లేచి పెచ్చులూడినది. సున్నపు గోడ చెమ్మను పీల్చి మరల గాలికి విడుచును. పైన రబ్బరువంటి పొర గప్పినచో నా చెమ్మకు దారి యుండదు. ఆ రంగు నంతయు గీకించి, వెల్ల వేయించిన పిమ్మటనే గోడ యారినది.

వెల్ల వేయుట కష్టమైన పని కాదు. సున్నమును నీళ్లలో విరియబోసి, ఒక రాత్రి నాననిచ్చి, పలుచని గుడ్డతో వడియగట్టి, కొంచెము తుమ్మజిగురును, తెలుపు దేఱుటకై చిటికెడు నీలిమందును గలుపవలెను. గోడను ముందుగా దడిపి, పలుచగా రెండు మూడు పూతలు వేయవలెను. చిక్కగా నొక్కమాఱే పూసినచో పొరలుగా రాలును. సున్నము విరియునపుడు మిక్కిలి వేడి పుట్టును. కంటబడిన నెంతయో హాని. కావున పిల్లలను దూరముగా నుంచవలెను. గోడ యడుగున జానెడు మేర ఎఱ్ఱమన్నుతో పట్టె దీర్చినచో తెలుపు మఱింత శోభించును.

ఇక సామగ్రి. నేలకు తుంగచాప, కిటికీకి మంగళగిరి నేతగుడ్డ చాలును. పెడన కలంకారీ యద్దకము ముచ్చటైనదే కాని, సహజవర్ణములు వెలసిపోవును గనుక ఎండ తగులు కిటికీకి దానిని గట్టరాదు, బల్లపై బఱచుకొనవచ్చును. గూటిలో అంకుడుకఱ్ఱతో జేసి లక్కరంగులు వేసిన ఏటికొప్పాక బొమ్మ యొకటి యుంచవలెను. పది యుంచినచో గూడు దుకాణమగును.

ఇంతకంటె ముఖ్యమైన మాట యొకటి గలదు. గోడలకు రంగు వేయించిన యేటనే, ముందుగది యందముగా నుండవలెనని మా యత్తగారి నులకమంచమును పెరటి వసారాలోనికి మార్పించితిమి. ఆమె మాఱుమాట యాడలేదు. కొన్ని నెలలకు పట్టణములో నొక యంగడియందు పల్లె పద్ధతి మంచమని పెట్టియున్న దానిని జూచి, వెల యడిగి, సిగ్గుపడి మరలి వచ్చితిమి. అట్టిదే, అంతకంటె గట్టిది, మా వసారాలో నుండెను! నాడే దానిని లోనికి దెప్పించి, క్రొత్త నులక యల్లించి, కిటికీ ప్రక్కన వేయించితిమి. ఇప్పుడామె యచ్చటనే కూర్చుండి వీథిని జూచుచు, సాయంకాలములందు పిల్లలకు కథలు చెప్పుచున్నారు.

కావున సోదరీమణులు క్రొత్త వస్తువు గొనుటకు ముందు ఒకమాఱు అటక యెక్కి చూతురుగాక. ఇంటి పెద్దలు ఏచోట గూర్చుండ గోరుదురో యడిగి తెలిసికొందురుగాక. అలంకరణమును అచ్చటనుండియే యారంభించుట మేలు.